అడ్డంగా ప్రార్థన, నిలువుగా ఆర్కిమిడీస్

గదిలోకి బయటి వెలుతురు రాకుండా అన్నీ మూసేశారు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కాసేపు ఆగండి. ఎదురుగా ఒక బల్ల. బల్ల మీద నిలువు స్తంభానికి బిగించిన కెమెరా తలవంచి కిందికి చూస్తోంది. దాని కింద ఒకే ఒక్క పుట. ఊరు బాల్టిమోర్, అమెరికా తూర్పు తీరం. భవనం వాల్టర్స్ ఆర్ట్ మ్యూజియం. కాలం 2000 దాటిన తొలి సంవత్సరాలు.

ముందు మామూలు బల్బు వెలిగిస్తారు. వంగి చూడండి, ఊపిరి మాత్రం దాని మీద పడనివ్వకండి. కాగితం అనుకునేరు, అది తోలు. జంతుచర్మాన్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి, బొచ్చు తీసి, చట్రానికి బిగించి ఆరబెట్టి, గీకి నునుపు చేసినది. పొడవు 19 సెంటీమీటర్లు, వెడల్పు 15 ఉంటుంది. అంచులు కాలి నల్లబడ్డాయి. మధ్యలో ఊదారంగు బూజు మచ్చలు. అక్కడక్కడ కొవ్వొత్తి మైనం కారి గట్టిపడ్డ చుక్కలు. ఎందరో పూజారులు ఎన్నో రాత్రులు ఈ పుస్తకాన్ని దీపం దగ్గర పెట్టుకుని చదివారని ఆ చుక్కలే చెబుతున్నాయి. పుట నిండా అడ్డవరసల్లో నల్లటి గ్రీకు అక్షరాలు. అవన్నీ ప్రార్థనలు.

ఇప్పుడు తల కొంచెం పక్కకు వంచండి. ప్రార్థనల వరసల సందుల్లోంచి, వాటికి అడ్డుపడుతూ, పై నుంచి కిందికి లేత గోధుమరంగు గీతలు ఏవో ఉన్నట్టున్నాయి. ఉన్నాయా, లేక తోలు ముడతలా? ఖాయంగా చెప్పలేరు. అవి ఆర్కిమిడీస్ మాటలు.

ఆర్కిమిడీస్ చనిపోయింది క్రీ.పూ. 212లో. ఆయన చేతిరాత ఏదీ మిగల్లేదు. ప్రతికి ప్రతి, దానికి మరో ప్రతి తీసుకుంటూ పోగా, 10వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక లేఖకుడు ఆయన రచనలు కొన్నిటిని తోలు పుటల మీద రాశాడు. 1204లో క్రూసేడు సైన్యాలు ఆ నగరాన్ని దోచుకున్నాయి. 1229 నాటికి ఈ పుస్తకం ఒక పూజారి చేతిలో పడింది. అతనికి కావలసింది తోలు, గణితంతో అతనికి పని లేదు. కుట్లు విప్పి, పుటలు కడిగి, అక్షరాలు గీకేసి, జంట పుటలను మడత దగ్గర రెండుగా కోసి, ఒక్కో పుటను పక్కకు తిప్పి, మధ్యకు మడిచి కొత్త పుస్తకం కుట్టాడు. దాని మీద ప్రార్థనలు రాసుకున్నాడు. పాత గీతలు నిలువుగా ఉన్నది అందుకే. అదొక్కటే అయితే ఏదో తంటాలు పడేవాళ్ళు. ఆర్కిమిడీస్ పుట ఒక్కటీ కొత్త పుస్తకంలో రెండు పుటలైంది కదా, దాని మధ్య వరసలు సరిగ్గా కుట్టు మడతలోకి వెళ్ళి దాక్కున్నాయి.

ఆ పూజారిని తిట్టుకోవాలనిపిస్తుంది. నాకు మాత్రం ఆయన మీద కోపం లేదు. ప్రార్థన పుస్తకం కాబట్టే మఠంలో ఇన్ని వందల ఏళ్ళు ఎవరో ఒకరు దీన్ని భద్రంగా ఉంచారు. గణిత పుస్తకంగానే ఉండిపోతే ఏ చలికాలంలో ఎవరి పొయ్యిలోకి పోయేదో.

1906లో డెన్మార్క్ పండితుడు యోహాన్ లుడ్విగ్ హైబర్గ్ దీన్ని కాన్‌స్టాంటినోపుల్‌లో చూసి, కింద ఉన్నది ఆర్కిమిడీస్ అని గుర్తుపట్టాడు. భూతద్దం, కొన్ని ఫొటోలు, అపారమైన ఓపిక, ఇవే ఆయన దగ్గరున్న పరికరాలు. వాటితోనే చాలామటుకు చదివేశాడు. తర్వాత పుస్తకం కనిపించకుండా పోయింది. ఫ్రాన్స్‌లో ఒక కుటుంబం దగ్గర దశాబ్దాలు ఉండి, 1998 అక్టోబరు 29న న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలోకి వచ్చింది. పేరు బయటపెట్టని ఒక వ్యక్తి 20 లక్షల డాలర్లకు కొన్నాడు. కొని ఇనప్పెట్టెలో పెట్టుకోలేదు. మరుసటి ఏడాది మొదట్లోనే ఈ మ్యూజియానికి అప్పగించాడు, పరిశోధనకు డబ్బూ ఇచ్చాడు. అలా ఈ పుట ఈ కెమెరా కిందికి వచ్చింది.

ఇప్పుడు బల్బు ఆర్పేస్తున్నారు. అతినీలలోహిత దీపం వెలిగింది.

మీ కంటికి ఆ కిరణాలు కనబడవు, కానీ తోలుకు తెలుస్తాయి. తోలు ఆ కిరణాలను పీల్చుకుని నీలంగా మెరుస్తోంది. ఇందాకటి మురికి గోధుమరంగు ముక్క ఇదేనా అని మీరు మళ్ళీ చూస్తారు. సిరా ఉన్నచోట ఆ మెరుపు లేదు. పైన ప్రార్థన సిరా సరే, కింద గీకేసిన సిరా కూడా తన పని తాను చేస్తోంది. గీకినప్పుడు పైపొర పోయింది గానీ, తోలులోకి ఇంకిన మరక పోలేదు. ఆ మరక చాలు, మెరుపును ఆపేయడానికి. నిలువు గీతలు లేచి వచ్చాయి. ఇందాక ముడతేమో అనుకున్నది గుండ్రటి ఒక అక్షరం. దాని పక్కన ఇంకొకటి. కెమెరా క్లిక్‌మంది.

ఇప్పుడు అదే పుట, అంగుళం కూడా కదలకుండా, ఎర్రటి వెలుతురులో. చిత్రంగా ఆర్కిమిడీస్ మాయమైపోయాడు. పాత సిరా మరక ఎర్రగోధుమ రంగులోది, ఎర్ర వెలుతురును తోలు లాగే తిప్పికొడుతుంది కాబట్టి తోలులో కలిసిపోయింది. ప్రార్థనలు మాత్రం నల్లగా అలాగే ఉన్నాయి. కెమెరా మళ్ళీ క్లిక్‌మంది.

రెండు చిత్రాలు చేతికొచ్చాయి. ఒకదానిలో ఇద్దరూ ఉన్నారు, రెండోదానిలో పూజారి ఒక్కడే. ఇద్దరిలోంచి పూజారిని తీసేస్తే మిగిలేది ఎవరు? కంప్యూటర్ ముందు కూర్చున్న ఇమేజింగ్ నిపుణులు రోజర్ ఈస్టన్, కీత్ నాక్స్, విలియం క్రిస్టెన్స్-బ్యారీలు మొదట చేసింది అదే. లెక్క కట్టి ప్రార్థనలను చెరిపేశారు. ఇంజనీర్ల దృష్టిలో అది ఘనవిజయం. ఆ చిత్రాలను గ్రీకు చదివే పండితుల ముందు పెట్టారు. వాళ్ళు పెదవి విరిచారు.

ఈ ఘట్టం దగ్గర ఇంకాసేపు నిలబడదాం, ఎందుకంటే మొత్తం కథలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. పండితుల అభ్యంతరం ఏమిటంటే, ప్రార్థన అక్షరం పోయిన చోట ఖాళీ మిగులుతోంది. ఆ ఖాళీలో అసలు ఆర్కిమిడీస్ ఏమీ రాయలేదా, లేక రాసినది పూజారి గీత కింద పడిందా? చిత్రం చూసి తేల్చుకునే దారి లేదు. పై అక్షరం కళ్ళకు కనబడుతుంటే, ‘ఇక్కడ అడ్డం ఉంది, కింద గీత సాగి ఉండొచ్చు’ అని పండితుడు ఊహించుకోగలడు. అడ్డాన్ని చెరిపేస్తే ఊహకు ఆధారం కూడా చెరిగిపోతుంది. కాబట్టి రెండూ కావాలి, రెండూ విడివిడిగా తెలియాలి.

నాక్స్ దానికి కనిపెట్టిన ఉపాయం చూడండి. కంప్యూటర్ తెర మీద ఏ రంగు చిత్రమైనా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరలతో తయారవుతుంది. ఎర్ర వెలుతురులో తీసిన చిత్రాన్ని ఎర్ర పొరలో పెట్టాడు. అతినీలలోహితంలో తీసినదాన్ని మిగతా రెండు పొరల్లోనూ పెట్టాడు. తోలు మూడింటిలోనూ వెలుగుతుంది కాబట్టి లేతగా కనబడుతుంది. ప్రార్థన మూడింటిలోనూ చీకటే, కాబట్టి నలుపు. ఆర్కిమిడీస్ ఎర్ర పొరలో కనబడడు, అంటే అక్కడ వెలుగు ఉంది. మిగతా రెండింటిలో అతను చీకటి. వెలుగు ఎర్ర పొర ఒక్కదానిలోనే ఉంటే తెర మీద తేలేది ఎరుపు.

తెర వైపు తిరగండి. నల్లటి ప్రార్థన వరసల కింద, వాటిని కోస్తూ నిలువుగా, ఎర్రటి అక్షరాలు బారులు తీరి నిలబడ్డాయి. ఒక నల్ల గీత ఎర్ర అక్షరం నడుం మీదుగా పోతోంది. గీతకు ఇటు ఎరుపు, అటు ఎరుపు. మధ్యలో ఏముందో ఇక కన్నే పూరించుకుంటుంది. తెర మీద చిత్రాన్ని పక్కకు తిప్పితే వరసలు అడ్డంగా వస్తాయి. గ్రీకు వచ్చినవాళ్ళు చదువుకోవచ్చు.

కెమెరా దాకా రావడానికి ముందు ఈ పుట దాటి వచ్చిన గది ఇంకొకటి ఉంది. అక్కడికి వెళ్దాం. అక్కడ పనిచేసేది అబిగైల్ క్వాంట్, మ్యూజియంలో పాత పుస్తకాల సంరక్షకురాలు. ఆమె బల్ల మీద పుస్తకం వెన్ను పైకి తిప్పి ఉంది. ఎవరో ఎప్పుడో ‘బాగు చేద్దాం’ అని వెన్నుకు జిగురు పూశారు. సంప్రదాయంగా పుస్తకాలకు వాడే జంతుజిగురైతే తడికి మెత్తబడుతుంది. ఇది మన వడ్రంగులు చెక్కకు వాడే తెల్ల జిగురు జాతిది. ఎండితే ప్లాస్టిక్. దాని కింద తోలు బూజుకు చివికి, వేలు తగిలితే రాలేలా ఉంది. జిగురును కొంచెం కొంచెంగా మెత్తబరుస్తూ, సన్నటి పనిముట్టుతో ఒలుస్తూ, రాలిన ప్రతి తునకా ఏ పుటదో రాసుకుంటూ ఆమె పని చేసింది. పుటలన్నీ విడదీయడానికి దాదాపు 4 ఏళ్ళు పట్టింది. మడతలో ఇరుక్కున్న మధ్య వరసలు ఆమె చేతుల మీదుగానే బయటపడ్డాయి. హైబర్గ్ చూడలేకపోయిన వరసలు వాటిలో ఉన్నాయి. డిజిటల్ పరిశోధన అనగానే అందరూ కెమెరా ఎంత, కంప్యూటర్ ఎంత అని అడుగుతారు. ఈ బల్ల గురించి ఎవరూ అడగరు. కెమెరా కిందికి పుట క్షేమంగా రావాలంటే ముందు ఇలాంటి చెయ్యి ఒకటి ఉండాలి. మన దగ్గర డిజిటైజేషన్ బడ్జెట్లు వేసేవాళ్ళు ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి.

2001లో ఒకరోజు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు రెవియెల్ నెట్జ్, జపాన్ నుంచి వచ్చిన గణిత చరిత్రకారుడు కెన్ సైటో ఒక పుట మీదికి వంగి ఉన్నారు. చేతిలో అతినీలలోహిత దీపం. ముందున్నది ‘మెథడ్’ అనే రచన. అలెగ్జాండ్రియాలోని ఎరటోస్తనీస్‌కు ఉత్తరంగా ఆర్కిమిడీస్ రాసింది. ప్రపంచంలో మరే ప్రతిలోనూ ఇది మిగల్లేదు. వాళ్ళు చూస్తున్నది 14వ ప్రతిపాదన. హైబర్గ్ ఇక్కడ కొన్ని వరసలు చదవలేక వదిలేశాడు. పెద్ద విశేషమేమీ ఉండదులే అని తర్వాతివాళ్ళూ అనుకున్నారు.

లెక్క ఇది. ఒక ఘనం, దానిలో సరిగ్గా పట్టేలా ఒక స్తూపం. స్తూపం అడుగున మధ్య వ్యాసం మీదుగా, పైన ఘనం ఒక అంచు దాకా ఏటవాలుగా ఒక కోత వేస్తే, గుర్రపు గిట్టలాంటి ముక్క తెగి వస్తుంది. ఆ ముక్క ఘనపరిమాణం మొత్తం ఘనంలో సరిగ్గా ఆరో వంతు. గుండ్రటి వంపు ఉన్న ముక్క, దాని కొలతలో వృత్తం జాడే లేదు. దాన్ని రుజువు చేయడానికి ఆర్కిమిడీస్ ఆ గిట్టను అతి పలచని త్రిభుజాల పొరలుగా కోస్తాడు, ఇటు ఒక సమతల ఆకారాన్ని గీతలుగా కోస్తాడు. పొరలు ఎన్నో లెక్కపెట్టలేం, గీతలూ అంతే. ఇక్కడే, ఇంతవరకూ ఎవరూ చదవని ఆ వరసల్లోనే, ఈ అనంతమూ ఆ అనంతమూ సంఖ్యలో సమానమన్న వాదన బయటపడింది. ప్రాచీన గ్రీకులు అనంతాన్ని అలా చేతిలోకి తీసుకోవడానికి వెనకాడారని అప్పటిదాకా చరిత్ర పుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఆ మాట సరిచూసుకోవలసి వచ్చింది. నీలంగా మెరిసే తోలు మీద కొన్ని చీకటి గీతలు చేసిన పని అది.

బాల్టిమోర్‌లో దొరకనివి కూడా ఉన్నాయి. నాలుగు పుటల మీద బంగారు పూతతో సువార్తికుల బొమ్మలు ఉన్నాయి. ప్రాచీన చిత్రాలని భ్రమపడేలా వేశారు. రంగులు పరీక్షిస్తే 1938 తర్వాత గానీ బజారులోకి రాని ఆకుపచ్చ ఒకటి దొరికింది. హైబర్గ్ కాలంలో ఆ బొమ్మలు లేవు. పుస్తకానికి మంచి ధర పలకాలని 20వ శతాబ్దంలో ఎవరో వేసిన దొంగ బొమ్మలవి. వెయ్యేళ్ళ అక్షరాల మీద మన కాలం మనుషులు పూసిన పూత. పూజారిని క్షమించగలిగిన నేను వీళ్ళను క్షమించలేను. అతినీలలోహితం ఆ పూతను దాటిపోలేదు, పరారుణమూ దాటలేదు.

కాలిఫోర్నియా వెళ్దాం. 2006 ఆగస్టు, స్టాన్‌ఫర్డ్ దగ్గర ‘స్లాక్’ ప్రయోగశాల. 234 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో ఎలక్ట్రాన్లు ఇంచుమించు కాంతి వేగంతో పరుగెడుతున్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా వాటి నుంచి ఎక్స్‌రే కిరణాలు చిమ్ముతాయి. అందులో ఒక పాయను వెంట్రుక కన్నా సన్నగా చేసి ఈ సీసపు గోడల గదిలోకి పంపిస్తారు. కిరణం వచ్చేటప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు. తలుపు మూసి, లోపల మనుషులు లేరని తేల్చుకున్నాకే అది వెలుగుతుంది. మనం బయట తెర దగ్గరే నిలబడాలి.

ఇక్కడికి ఈ పుస్తకాన్ని రప్పించింది ఊవె బెర్గ్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త. ఆయన పని కిరణజన్య సంయోగక్రియలో లోహాల పాత్ర తేల్చడం. ఒక పత్రికలో ఈ పుస్తకం గురించి చదువుతుంటే, ఆ సిరాలో ఇనుము ఉందన్న వాక్యం దగ్గర ఆయన ఆగిపోయాడు. ఆకులో అణువంత లోహాన్ని పట్టుకోగలిగిన కిరణానికి తోలులో ఇనుము ఎంత? పాత సిరా మాచికాయ కషాయంలో ఇనుప ఉప్పు కలిపి చేసేవాళ్ళు. మన ఆయుర్వేదంలో వాడే మాచికాయే. మరక కంటికి కనబడకపోవచ్చు, ఇనుము పరమాణువులు ఎక్కడికీ పోవు. ఎక్స్‌రే తగిలితే ఒక్కో మూలకం తనదైన శక్తితో తిరిగి వెలుగుతుంది. ఇనుము వెలుగును మాత్రమే పట్టుకుంటే చాలు. పైన బంగారం ఉన్నా, బూజు ఉన్నా దానికి లెక్క లేదు.

లోపల కిరణం కదలదు. చట్రంలో బిగించిన పుటే దాని ముందు ఇటూ అటూ జరుగుతుంది, ఒక్కో చుక్కా, ఒక్కో వరసా. తెర మీద చిత్రం ఒక అంచు నుంచి సన్నటి గీతలుగా పేరుకుంటూ వస్తోంది. ఒక్క పుటకు సుమారు 12 గంటలు. వచ్చిన చిత్రం చూసి సంతోషించేలోపే ఒక చిక్కు. ఎక్స్‌రే తోలును దాటి పోతుంది కాబట్టి, అవతలి వైపు రాత కూడా ఇదే చిత్రంలో పడింది. ఇటు ప్రార్థన, ఇటు ఆర్కిమిడీస్, అటు ప్రార్థన తిరగేసి, అటు ఆర్కిమిడీస్ తిరగేసి. నాలుగు రాతలు ఒకదాని మీద ఒకటి. వాటిని విడదీసి చదవడానికి నెట్జ్, ఆక్స్‌ఫర్డ్ పండితుడు నైజెల్ విల్సన్ కూర్చోవలసిందే. యంత్రం గీతలు ఇస్తుంది. ఏ గీత ఏ అక్షరానిదో గ్రీకు తెలిసినవాళ్ళే తేల్చాలి. ఆ తేల్చడంలో పోయిన గంటలకు ఏ యంత్రమూ లెక్క చెప్పదు.

మొట్టమొదటి పుట అన్నిటికన్నా చివికిపోయినది. దాని మీద ఏముందో ఎవరికీ తెలియదు. ఆ పుట మీద ఎక్స్‌రేలో ఒక పేరు తేలింది. యొయన్నెస్ మిరోనాస్. తేదీ 1229 ఏప్రిల్ 14. ఆర్కిమిడీస్‌ను గీకేసి ప్రార్థనలు రాసుకున్న పూజారి ఇతనే. ఏడున్నర శతాబ్దాలకు పైగా పేరులేని నేరస్తుడిగా నిలబెట్టిన మనిషికి పేరు తెలిసింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మిరోనాస్ తోలు కోసం ఆర్కిమిడీస్ పుస్తకం ఒక్కదాన్నే విప్పలేదు, ఇంకా కొన్నిటిని విప్పాడు. అలా క్రీ.పూ. 4వ శతాబ్దపు ఏథెన్స్ వక్త హైపరైడీస్ ప్రసంగాలు, అరిస్టాటిల్ మీద ఒక వ్యాఖ్యానం బయటపడ్డాయి. ‘స్టొమాకియన్’ అనే 14 ముక్కల చదరపు ఆట మీద ఆర్కిమిడీస్ రాసిన భాగమూ ఇందులోదే. ఆ ముక్కలను చదరంగా ఎన్ని రకాలుగా పేర్చవచ్చో 2003లో కంప్యూటర్‌తో లెక్కిస్తే 17,152 వచ్చింది.

2008 అక్టోబరు 29. వేలం జరిగి సరిగ్గా పదేళ్ళు. ఆ రోజు ఈ చిత్రాలన్నిటినీ, పుట పుటకూ, ఏ వెలుతురులో తీసినదో ఆ వివరంతో సహా, ఎవరైనా దించుకుని వాడుకునేలా ఉచితంగా విడుదల చేశారు. తుది చిత్రాలతో సరిపెట్టుకోలేదు, కెమెరా నుంచి వచ్చిన మూల చిత్రాలు కూడా ఇచ్చారు. రేపు ఇంకెవరో ఇంతకన్నా మంచి లెక్క కట్టి, మనకు కనబడని అక్షరాన్ని చూడగలరు కాబట్టి. 20 లక్షల డాలర్లు పోసి కొన్న మనిషి, దాన్ని చూసే హక్కును అందరికీ పంచేశాడు. ఈ మొత్తం కథలో సాంకేతికంగా గొప్ప పని ఎక్స్‌రే అనండి, ఒప్పుకుంటాను. మానవీయ శాస్త్రాలకు జరిగిన గొప్ప మేలు మాత్రం ఈ విడుదల.

ఇక మన వైపు రండి. ఉడుపి. బాల్టిమోర్‌లో చూసిన ఈస్టన్, నాక్స్‌లే, రాచెస్టర్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన పి.ఆర్. ముకుంద్‌తో కలిసి పనిచేసిన చోటు. అక్కడ పలిమారు మఠంలోని తాళపత్రాల చిత్రాలు తీశారు. మధ్వాచార్యుల ‘సర్వమూల’ గ్రంథాలు రాసిన ఆకులవి, శతాబ్దాల నాటివి. నూనెలు పీల్చి పీల్చి, వయసు మీరి, ఆకు నల్లబడిపోయింది. అక్షరాల్లో నింపిన మసీ నలుపే. నలుపు మీద నలుపు. అక్కడ పనికొచ్చింది పరారుణం. ఎర్రకు అవతల, కంటికి కనబడని ఆ కాంతిలో ముదిరిన ఆకు లేతగా కనబడుతుంది. మసి బొగ్గు కాబట్టి ఏ కాంతిలోనైనా నల్లగానే ఉంటుంది. కెమెరాకు ఫిల్టర్ బిగించి తీస్తే, నల్లటి పట్టీ లాంటి ఆకు మీద అక్షరాలు విడివిడిగా లేచాయి. గ్రీకు తోలుకు సిరాలోని ఇనుము సాక్ష్యం చెప్పింది, ఉడుపి ఆకుకు దీపపు మసి చెప్పింది.

మన తాటాకులు కూడా ఇలాంటివే. గంటంతో గీసి, ఆ గీతల్లో పసరు, మసి పూసి తుడిచిన ఆకులు. ఒక పాత తెలుగు తాళపత్రం దగ్గరకు జరగండి. మసి రాలిపోయింది. ఉన్నది రంగులేని గాడి మాత్రమే. పై నుంచి ఫ్లాష్ కొట్టి ఫొటో తీస్తే ఖాళీ ఆకు వస్తుంది. దీపాన్ని ఆకు పక్కన, దాదాపు ఆకుతో సమానమైన ఎత్తులో పెట్టండి. గాడికి ఒక అంచు వెలిగింది, ఒక అంచు నీడలో పడింది. తలకట్టు తేలింది. ఎడమవైపు మెలిక లోపలికి తిరిగిందా లేదా? అది పకారమో వకారమో చెప్పేది ఆ మెలికే. దీపాన్ని అవతలి పక్కకు మార్చి మరో ఫొటో తీయండి. ఇటు నుంచి కనబడని గీత అటు నుంచి కనబడుతుంది. దీనికి స్లాక్‌లోని ఎలక్ట్రాన్ వలయం అక్కర్లేదు. కదలని స్టాండు, ఒక టార్చి, చీకటి గది, ఓపిక చాలు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి తెలుగు గ్రంథాలను తాటాకుల నుంచి కాగితాల మీదికి ఎత్తించాడు. ఆ ప్రతులు ఇవాళ చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఆయన రుణం మనం తీర్చలేం. అయితే లేఖకుడు ఎత్తి రాసిన ప్రతిలో ఆ లేఖకుడు పకారం అనుకున్నది పకారమే. మూలంలో మెలిక ఎటు తిరిగిందో మళ్ళీ చూసే దారి లేదు, ఆకు పోతే. మంచి చిత్రంలో ఆ దారి ఉంటుంది. చదివినవాడి నిర్ణయం ఒకపక్క, దానికి ఆధారం ఒకపక్క, రెండూ మిగులుతాయి. అదే బాల్టిమోర్ పండితులు నల్ల అక్షరాలను చెరపవద్దని పట్టుబట్టి సాధించుకున్నది.

అందుకే రెండు విన్నపాలు. ఒకటి, తాళపత్రాలు స్కాన్ చేయించే సంస్థలకు. మామూలు రంగు ఫొటో ఒక్కటీ తీసి పని అయిపోయిందనకండి. ప్రతి ఆకుకూ పరారుణంలో ఒకటి, పక్క వెలుతురులో రెండు తీయించండి. తీసినవాటిని హార్డ్‌డిస్కుల్లో పెట్టి బీరువాకు తాళం వేయకండి, ఎవరైనా దించుకునేలా ఉంచండి. దరఖాస్తు పెట్టి, సంతకాల కోసం తిరిగి, నెలలు గడిచాక నాలుగు పుటల నకలు తెచ్చుకునే విద్యార్థి పరిశోధన చేయలేడు.

రెండోది, అటక మీద తాతల నాటి తాటాకుల కట్ట ఉన్నవాళ్ళకు. అక్షరాలు కనబడటం లేదని కట్ట విప్పి మళ్ళీ మసి పూయించే ముందు, ఫొటోలు తీయించండి. అంచు చెక్కలూ, ఖాళీగా కనబడే ఆకులూ వదలకుండా, ప్రతి ఆకు రెండు వైపులా, పక్కన ఒక స్కేలు పెట్టి తీయించండి. ఫైళ్ళను వాట్సాప్‌లో ఫొటోలుగా పంపితే వివరం తగ్గిపోతుంది, అసలు ఫైళ్ళనే దాచండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, ఒక ప్రతి దగ్గరలోని విశ్వవిద్యాలయం తెలుగు శాఖకు ఇవ్వండి.